తోక మోసే పెద్దాయన

సముద్రాన్ని కాపాడుకుందామంటూ ఏటా జరిగే తిమింగలాల ఊరేగింపులో గుడ్డ తిమింగలం తోక మోసేది వలలు అల్లే పెద్దాయనే. అందరికంటే గంట ముందే వచ్చి, తోక కుట్లు ఒక్కొక్కటీ లాగి చూసి, వదులైనచోట వంకరపోయిన చూపుడువేలితో ముడి బిగిస్తాడు. ఎవరు పలకరించినా తలూపుతాడంతే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమోనని భార్య వేళాకోళం. ఈసారి బయల్దేరేముందు బడిపిల్లల్ని తీసుకొచ్చిన టీచరమ్మ పట్టుబట్టి మైకు చేతికిచ్చింది. "పిల్లలకి రెండు ముక్కలు చెప్పండి బాబాయ్."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "వయసులో ఉండగా నా వలలో ఓ తిమింగలం పిల్ల చిక్కుకుంది. తల్లి పడవ చుట్టూ తిరిగిందే గానీ మా జోలికి రాలేదు. వల కోసేశాను."

చప్పట్లు మోగాయి. ముందు వరసలోని పాప లేచింది. "అది బతికిందా తాతా?"

"తెలీదమ్మా. మునిగింది, మళ్లీ కనబడలేదు."

టీచరమ్మ కంగారుపడింది. "బతికే ఉంటుంది, కదా బాబాయ్?"

"చూడంది ఎలా చెప్పనమ్మా? పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాను. తల్లి కూడా అక్కడే తిరుగుతూ ఉంది."

మైకు ఆమెకిచ్చేసి ఆయన తోక కర్ర భుజానికెత్తుకున్నాడు. బ్యాండువాళ్లు వాయించడం మొదలుపెట్టడానికి కాసేపు పట్టింది.