తవుడుకు కొన్న కొడుకు

మా తమ్ముడు కిందటేడు పోయాడు. డెబ్బై దాటాయి, పెద్దగా బాధపడలేదు. దుఃఖం ఉంది. కానీ అన్నేళ్లు బతికాడన్న నిమ్మళమే నాలో ఎక్కువ. వాడు బతకడని అమ్మ ఎంతగా భయపడేదో నేను చూశాను.

పందొమ్మిది వందల యాభైలలో వాడిని కడప ఊరి చివర పిల్లల జైలులో పెట్టారు. కాగితాల్లో దాన్ని బడి అనేవాళ్లు. కోసిగి స్టేషన్లో పెద్దవాళ్లతో కలిసి గూడ్సు బండి నుంచి వేరుశనగ బస్తా దించాడు. పెద్దవాళ్లు పరుగెత్తారు, వీడు దొరికాడు. అప్పుడు వాడికి పద్నాలుగేళ్లు.

నెలకొక ఆదివారం, పావుగంట, తల్లిదండ్రులు మాత్రమే చూడవచ్చు. నాన్న అప్పటికే లేడు. అమ్మ, నేను ప్యాసింజరు బండిలో వెళ్లాం. అమ్మ జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం మూట కట్టింది. వాడికి వేరుశనగ పొడి ఇష్టం, కానీ అది చేయలేదు.

గేటు దగ్గర గుమాస్తా పుస్తకం తిరగేసి, అమ్మ పేరు లేదన్నాడు. తల్లి పేరు రాయాల్సిన చోట ఒక ముస్లిం స్త్రీ పేరుంది. ఆమె మా పక్కింట్లో ఉండే గాజులామె.

వీడికి ముందు అమ్మకు ఇద్దరు మగబిడ్డలు పురిట్లోనే పోయారు. అందుకని వీడు పుట్టగానే చేటలో పడుకోబెట్టి, దోసెడు తవుడు తీసుకుని గాజులామెకు అమ్మేసింది. మా వైపు అది మామూలే. పరాయి బిడ్డ అనుకుంటే చావు వాడి జోలికి రాదని నమ్మకం. అమ్మ పాలు తాగి మా ఇంట్లోనే పెరిగాడు, కానీ గాజులామెను అమ్మా అని, అమ్మను అత్తా అని పిలిచేవాడు. మీ అమ్మ పేరేమిటని అధికారులు అడిగితే తనకు తెలిసిందే చెప్పాడు.

సూపరింటెండెంటు మంచివాడే. తమ్ముడిని కటకటాల దగ్గరికి పిలిపించాడు. గుండు గీశారు, నిక్కరు వాడికి వదులుగా ఉంది.

"ఈమె నీకేమవుతుంది?"

తమ్ముడు అమ్మ వైపు చూశాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"అత్త," అన్నాడు.

అత్తలకు అనుమతి లేదు. రొట్టెల మూటతోనే వెనక్కి వచ్చాం. బండిలో నేను కోప్పడ్డాను. ఆ ఒక్క మాట చెప్పనిచ్చి ఉంటే సరిపోయేది కదా అన్నాను.

"ఆ మాట వాని నోట వచ్చి, వానికేమన్నా అయితే? నాకు కనపడకున్నా యాడో ఒకచోట ఉండాడు గదా," అంది. ఆ నెలంతా అన్నం సరిగా తినలేదు.

మరుసటి నెల గాజులామె తన గాజుల మలారం పక్కనపెట్టి మాతో వచ్చింది. దారి పొడవునా అమ్మను ఏడిపించింది. తన కొడుకును చూడాలంటే తన పర్మిషను కావాలంది. అమ్మకు నవ్వు రాలేదు.

పుస్తకం ప్రకారం ఆమే తల్లి కనుక గేటు తెరిచారు. ఆమె గడప దాటలేదు.

"సారూ, నేను కొన్నదాన్ని. కన్నది ఈ యమ్మ. బిడ్డను ఈ పొద్దు తిరిగి ఇచ్చేస్తాండా, రాసుకో."

అలాంటిది రాయడానికి పుస్తకంలో చోటు లేదని సూపరింటెండెంటు నవ్వాడు. అయినా తమ్ముడిని పిలిపించాడు.

"వద్దు వదినా," అంది అమ్మ.

"పద్నాలుగేండ్లు నా కొడుకని కాపాడితి. ఇంగ చావు వాన్ని గుర్తుపట్టదులేమ్మా, గుండు గీసినారు సూడు."

తిరిగి ఇవ్వాలంటే తవుడు తిరిగి ముట్టాలి. అక్కడ తవుడు లేదు. అమ్మ మూట విప్పి, సగం రొట్టె తుంచి ఆమె దోసిట్లో పెట్టింది. ఆమె అక్కడే నిలబడి ఒక ముక్క తిని, మిగతాది కొంగున కట్టుకుంది.

తమ్ముడు అమ్మ వైపు చూశాడు. ఈసారి ఆమె తల ఊపలేదు. వాడు "అమ్మా," అన్నాడు. తర్వాత గాజులామె వైపు తిరిగి, మరి నిన్నేమని పిలవాల అని అడిగాడు.

"అత్త ఖాళీ అయినాది గదప్పా."

కన్నతల్లి ఈమేనని మునసబు రాసిన చీటీ వచ్చే నెల తెమ్మని, సూపరింటెండెంటు ఆ రోజుకు ఇద్దరినీ లోపలికి పంపాడు. నేను గేటు బయటి నుంచి చూశాను. అమ్మ ఆ పావుగంటలో ఎక్కువ మాట్లాడలేదు. రొట్టె తినిపించి, మధ్యమధ్య వాడి నుదురు తాకి చూసింది. జ్వరం లేదు.

అక్కడ నేర్చుకున్న వడ్రంగమే తర్వాత వాడికి జీవనమైంది. పెళ్లయి, పిల్లలయ్యాక కూడా అమ్మా అని వాడు పిలిచినప్పుడల్లా ఆమె చేయి వాడి నుదుటి మీదికి పోయేది. అమ్మ తాను పోయే రోజున కూడా వాడి నుదురు అలాగే తాకి చూసింది. చల్లగానే ఉంది.