ఫార్మలిన్ సీసా మీద నా పేరు

నేను బి.ఎస్సి. ప్యాసయిన సంవత్సరం పత్రికలో నా పేరు పడలేదు, నంబరు పడింది. అరవయ్యో దశకం తొలి రోజులవి. మా నాయిన ఆ కాగితాన్ని నంబరు ఉన్నంత మేరకు కత్తిరించి మగ్గం గుంజకు గంజితో అంటించుకున్నాడు. అక్షరం రాని మనిషి కావడం వల్ల, వచ్చినవారికి వేలు పెట్టి చూపేటప్పుడు తరచుగా నా పక్కవాడి నంబరును చూపేవాడు. పక్కవాడూ ప్యాసయినవాడే కాబట్టి నేను సవరించలేదు.

హనుమకొండకు దగ్గరి మట్టెవాడలో మాది నేతపనివారి గల్లీ. అక్కడ డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కావడం చేత, నాకు తెలియనిదంటూ ఉండదని అందరూ ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ అందరిలో నేనూ ఉన్నాను. మేకకు కడుపు ఉబ్బినా, కచేరీ నుంచి కాగితం వచ్చినా, పసివాడు గుండీ మింగినా నా దగ్గరికే వచ్చేవారు. నేను చదివింది జంతుశాస్త్రం. కప్పను కోసి దాని నరాలను ఒక్కొక్కటిగా వేరు చేయగలను. బతికి ఉన్న కప్పతో నాకు పరిచయం తక్కువ. అయినా, అడిగినవారిని ఉత్త చేతులతో పంపడం చదువుకున్నవాడికి తగదని తలచి, ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక సమాధానం చెబుతూ వచ్చాను.

ఆ వర్షాకాలంలో, ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న మేము ఐదుగురం పట్టభద్రులం ఒక సంఘంగా ఏర్పడ్డాము. సంఘం ఆశయం సమాజ సేవ. సేవను ఎక్కడ ప్రారంభించాలో తేలనందున, ముందుగా సైకిళ్ల మీద ధర్మసాగర్ చెరువు కట్టకు విహారయాత్రకు వెళ్లాము. తెచ్చుకున్న పులిహోర తిని కట్ట దిగువన గడ్డిలో నడుస్తుండగా, నా కాలికి జానెడు దూరంలో ఒక కుందేలు పిల్ల కనిపించింది. పిడికిలంత ఉంది. చెవులను వీపుకు ఆనించుకుని, కళ్లు తెరిచి, కదలకుండా కూర్చుని ఉంది. చుట్టూ చూశాము. తల్లి లేదు, తోడు మరొక పిల్ల లేదు. పరిశీలన, ఊహ, నిర్ధారణ అనే మూడు మెట్లను ఒక్క నిమిషంలో ఎక్కి, అది అనాథ అని నేను ప్రకటించాను. అక్కడే నిలబడి మూగజీవాల పట్ల విద్యావంతుల బాధ్యతను గురించి ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. మిత్రులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు కూడా పిల్ల కదలలేదు. దానిని నేను కృతజ్ఞతగా అర్థం చేసుకున్నాను.

ఖాళీ అయిన టిఫిన్ డబ్బాలో రుమాలు పరిచి, మూత వేయకుండా దానిని ఇంటికి తెచ్చాను. అమ్మను మేము అవ్వ అంటాము. అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నది. డబ్బాలోకి తొంగిచూసి ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"దీని అవ్వ ఏది?"

"లేదు. ఇది అనాథ."

"లేదని ఎవలు జెప్పిండ్రు?"

అది పరిశీలన మీద ఆధారపడిన నిర్ధారణ అని వివరించాను. "అట్లనా" అని అవ్వ మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

నా పాఠ్యపుస్తకంలో కుందేలుకు చాలా పుటలు కేటాయించారు. దాని పళ్ల లెక్క ఉంది, గుండె గదులున్నాయి, పేగు పొడవుంది. అది ఏమి తింటుందో మాత్రం ఒకే వాక్యంలో ఉంది. ఆ వాక్యంలో క్యారెట్ ఉంది. క్యారెట్‌ను నేను అంతవరకు బొమ్మలో తప్ప చూసి ఎరుగను. హనుమకొండ వెళ్లి కూరగాయల దుకాణాలన్నీ వెతికి, దానికి దగ్గరి బంధువుగా తోచిన ముల్లంగిని తెచ్చాను. ముల్లంగి కుందేలు పిల్లకంటే పెద్దది. పిల్ల దాని నీడన ముడుచుకుని కూర్చున్నది.

తరువాత పాలు. నా ఫౌంటెన్ పెన్నుకు సిరా పోసే ఫిల్లరును వేడినీళ్లతో కడిగి, బర్రెపాలు పీల్చి, దాని నోట్లో మూడు చుక్కలు విడిచాను. అది ఉక్కిరిబిక్కిరై తుమ్మింది. ఫిల్లరులో ఎక్కడో మిగిలిన సిరా వల్ల దాని మూతి నీలంగా మారింది. మగ్గం మీది నుంచి నాయిన తల వంచి చూశాడు.

"మూతి మీద సంతకం జేసినవా బిడ్డా?"

మరునాటికి పిల్ల తల వాల్చింది. స్థలమార్పిడి వల్ల కలిగే తాత్కాలిక నీరసమని నేను చెబుతుండగానే అవ్వ రాట్నం వదిలి లేచింది. గంజి పట్టని తెల్లనూలు చిలప నుంచి నాలుగు పోగులు తెంపి, వేలెడు వత్తి పేని, పక్కింటి మేకపాలలో ముంచి దాని పెదవుల మధ్య పెట్టింది. కొంతసేపటికి ఆ వత్తి కొస కదిలింది. పిల్ల చప్పరిస్తున్నది. పాలు పట్టాక తడిగుడ్డతో దాని పొట్ట కింద మెల్లగా తుడిచింది. తల్లయితే నాకుతుంది కదా అన్నది. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. "నిన్ను సాదిన గద" అన్నది.

బుట్టలో పెడితే పిల్లుల భయం. అందువల్ల దానికి మగ్గం గుంతలో ఒక మూల చోటిచ్చారు. నాయిన కాళ్లు దింపి తొక్కుడు చెక్కలు తొక్కే గుంత అది; వెచ్చగా, చీకటిగా ఉంటుంది. ఆ రోజు నుంచి నాయిన నేత మందగించింది. జ్వరం వచ్చినా తగ్గని మనిషి, చెక్క తొక్కిన ప్రతిసారీ కిందికి చూసుకునేవాడు.

అది బతుకుతుందో లేదోనన్న భయంతో నేను శాస్త్రాన్నే ఆశ్రయించాలని మా లెక్చరరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన దయగలవారు. విషయం వినగానే కళ్లద్దాలు తుడుచుకుని, శరీరం పొడవెంత, చెవి పొడవెంత, దంతాలు వచ్చాయా అని ఆత్రంగా అడిగారు. ఎలా బతికించాలని నేను అడిగాను. ఆయన నిజాయితీగా ఆలోచించి, "అది మన సిలబస్‌లో లేదు" అన్నారు. ఆ తరువాత అసలు సంగతికి వచ్చారు. మా విభాగం మ్యూజియంలో తాచుపాము ఉంది, గబ్బిలం ఉంది, మూడు రకాల కప్పలున్నాయి. కుందేలు పిల్ల మాత్రం లేదు. తనిఖీకి వచ్చినవారు ఆ లోటును ఎత్తిచూపుతున్నారట. "అది పోయిన వెంటనే తీసుకురా. ఆలస్యమైతే బొచ్చు రాలుతుంది" అన్నారు. అప్పుడే నమూనాల రిజిస్టరు తెప్పించి, సంఖ్య వేసి, తన ముత్యాల వంటి దస్తూరితో ఫార్మలిన్ సీసాకు అంటించే చీటీ రాశారు. పైన లాటిన్ పేరు. కింద ధర్మసాగర్. ఆ కింద, 'దాత' అని నా పేరు. పేరు పక్కన బి.ఎస్సి.

నేను సైకిలు మీద ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు. నాయినకు చెప్పాను.

"కాలేజిల నీది రాస్తరా? నంబరా, పేరా?"

"పేరే నాయినా. సీస మీద."

"ఎన్నేండ్లుంటది?"

"కాలేజి ఉన్నన్ని ఏండ్లు."

నాయిన పోగు పరిచే నాడెను ఆపి నా ముఖం వంక చూశాడు. అంత సంతోషం ఆ ముఖంలో నా నంబరు వచ్చిన రోజున కూడా చూడలేదు.

"మరి ఎప్పుడు పెడ్తరు?"

"అది సచ్చినంక."

నాయిన గుంతలోకి చూశాడు. నీలిమూతి పిల్ల ఆయన మడమ పక్కనే నిద్రపోతున్నది. "అయితె జర ఆగుమను" అని, కాళ్లు రెండూ దగ్గరకు తీసుకుని మళ్లీ నేత అందుకున్నాడు.

ఒక సంగతి దాచకుండా రాయాలి. పిల్ల పాలు ముట్టని పూటల్లో నాకు రెండు రకాల ఆందోళన కలిగేది. వాటిలో ఒకటి మాత్రమే దాని గురించి.

మా విభాగం అటెండరు, యాభై దాటిన సాధువైన మనిషి, రెండు రోజులకొకసారి హనుమకొండ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. "సారు అడుగుమన్నడు చెల్లె. ఎట్లున్నది?" అని అవ్వను అడిగేవాడు. మంచిగున్నదని అవ్వ చెబితే, "అట్లనా" అని నీరసంగా కూర్చుని చాయ తాగి పోయేవాడు. మూడోసారి వస్తూ, మాటిమాటికి తిరుగుడెందుకని సీసానే వెంట తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. మంచి మందమైన గాజు, బిగుతైన మూత. అవ్వ దానిని వెలుగుకు పెట్టి చూసి, మామిడికాయ తొక్కుకు బాగుంటుందన్నది. అతని ముఖం పాలిపోయింది.

"తొక్కు పెట్టకు చెల్లె. రిజిస్టరుల ఎక్కిన సీస అది."

ఎందుకో కూడా అతడు దాపరికం లేకుండా చెప్పాడు. అవ్వ సీసాను గూట్లో పెట్టి దాని మీద ఒక తువ్వాలు కప్పింది.

తొమ్మిదో రోజున, ధర్మసాగర్ నుంచి గడ్డిమోపులు తెచ్చి మా గల్లీలో బర్రెలకు, జట్కా గుర్రాలకు అమ్మే ఆమెను అవ్వ పిలిచి, పిల్లకోసం లేతగడ్డి ఏరిమ్మని అడిగింది. ఆమె మోపు దించి, పిల్లను అరచేతిలోకి తీసుకుని నన్ను చూసింది.

"ఏడ దొరికింది బిడ్డా?"

"కట్ట కింద గడ్డిల. ఒక్కతే ఉండె."

"ఒక్కతే ఉంటది మరి. తల్లి పొద్దంత దాని జాడకు రాదు. తను పక్కనుంటె కుక్కలకు, నక్కలకు ఎరుకైతదని దూరం బోయి మేస్తది. పొద్దుగూకంగ వచ్చి పాలిచ్చి పోతది. అందాక ఇది కదలదు. మేం గడ్డి గోసేటప్పుడు గిట్ల కనవడితె ఆ గడ్డికుచ్చ ఇడిసిపెట్టి పక్కపొంటి కోస్తం."

నేను ఏదో చెప్పబోయాను. ఆమె నన్ను నొప్పించాలని కాక, నిజంగా ఓదార్చాలనే అన్నది: "నీకెట్ల ఎరుకైతది బిడ్డా. సదువుకుంటివాయె."

రాట్నం ఆగింది. "అయితె ఆ పొద్దుగూకంగ అది వచ్చి సూసే ఉంటది" అన్నది అవ్వ.

ఇప్పుడే తీసుకువెళ్లి వదులుతానని నేను లేచాను. గడ్డి అమ్మే ఆమె వద్దన్నది. తొమ్మిది రోజులకు తల్లి పాలు ఇంకిపోయి ఉంటాయని, ఇప్పుడు వదిలితే చస్తుందని, తనంతట తాను గడ్డి కొరికేదాకా సాదమని చెప్పింది. నేను కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆ సీసా కప్పిన తువ్వాలు వైపు చూడడం నాకు కష్టమైంది. ఆ పిల్ల బతకడం కంటే నాకు కావలసింది మరొకటి లేకపోయింది.

సంఘం సమావేశంలో, తీర్మానాల పుస్తకంలో 'అనాథను రక్షించడమైనది' అన్న మాటను 'తల్లి నుంచి ఎత్తుకురావడమైనది' అని మార్చవలసిందిగా కోరాను. ఆమోదం పొందిన తీర్మానాన్ని మార్చరాదని నలుగురూ ఏకగ్రీవంగా నిర్ణయించారు. అది మా సంఘం చేసిన చివరి పని.

అవ్వ వత్తిపాలతో మొదలై, గడ్డిపోచ కొసలతో సాగి, నెల దాటేసరికి పిల్ల గరిక నమిలింది. ఒక రోజు పడుగు నూలు కూడా నమిలింది, గంజి రుచికి. తెగిన పోగులను నాయిన ఒక్కొక్కటే అతుక్కుంటూ, "పండ్లొచ్చినయి, ఇగ తోలుండ్రి" అన్నాడు.

అవ్వా నేనూ గంపలో పెట్టుకుని బస్సులో ధర్మసాగర్ వెళ్లాము. పొద్దు వాలుతున్నది. అది కూర్చున్న చోటు ఏదని అవ్వ అడిగింది. నాకు గుర్తు లేదు. ఆ రోజు ఇచ్చిన ఉపన్యాసం మొదటి నుంచి చివరి దాకా గుర్తున్నది. ఏ గడ్డికుచ్చ పక్కన నిలబడి ఇచ్చానో గుర్తు లేదు. అవ్వ తనే ఒక చోటు చూసి దానిని దించింది. అది పరుగెత్తలేదు. చెవులు వీపుకు ఆనించుకుని కదలకుండా కూర్చున్నది. మేము చూస్తూ నిలబడ్డాము.

"నడువు బిడ్డా" అన్నది అవ్వ. "మనముంటె దాని అవ్వ రాదు."

నెల దాటాక ఏ తల్లీ రాదని నాకు తెలుసు. కుందేళ్లను గురించి అప్పటికి నాకు నిజంగానే కొంత తెలుసు. నేను చెప్పలేదు.

ఖాళీ సీసాను లెక్చరరు గారికి అప్పగించాను. పిల్ల బతికిపోయిందని చెబితే ఆయన నా భుజం తట్టి, మొదటి ప్రయత్నంలో ఇలాంటివి సహజమని ఓదార్చారు. అయితే రిజిస్టరులో ఎక్కిన సంఖ్యను కొట్టివేసే అధికారం ఆయనకు లేదు. తనిఖీవారు సీసాలను లెక్కపెడతారు. అందువల్ల సీసాను ఫార్మలిన్‌తో నింపి, మూత బిగించి, చీటీ అంటించి, గబ్బిలం పక్కన పెట్టించారు.

ఆ చలికాలంలో కళాశాలలో ప్రదర్శన జరిగి ఊరివారినందరినీ రానిచ్చారు. నాయిన ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. ఈసారి పక్కసీసా చూపకుండా, ఆయన వేలు పట్టుకుని నా పేరు మీద పెట్టాను. ఒక్కొక్క అక్షరం మీదుగా ఆ వేలు మెల్లగా నడిచింది. తరువాత ఆయన సీసాలోకి వంగి చూశాడు.

"ఈ సీసల ఏం లేదేందిరా?"

"లేదు నాయినా."

"అంటె అది ఆడ కట్ట కిందనే ఉన్నదన్నట్టు."

"ఉండాలె."

తల ఊపి, నడుము నిటారు చేసి, పక్కన నిలబడిన ఒక కొత్తమనిషికి సీసా చూపాడు. అది తన కొడుకు ఇచ్చిందని, కొడుకు బి.ఎస్సి. అని చెప్పాడు. ఆ మనిషి ముందు నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు. కనబడలేదని ఒప్పుకోవడానికి మొహమాటపడి, "చానా సన్నగున్నదే" అన్నాడు.

"పిల్ల గద" అన్నాడు నాయిన, నవ్వు జాడ లేకుండా. "మనముంటె బయటికి రాదు."