ఏడు గ్లాసుల సత్యాగ్రహం

స్వరాజ్యం ఇవాళో రేపో రైలు దిగుతుందని మా అనకాపల్లి అంతా స్టేషను వైపు చెవులు నిక్కించుకుని కూర్చున్న రోజులవి. యుద్ధం అయిపోయింది గానీ పంచదార మాత్రం ఇంకా రేషనులోనే ఉండిపోయింది. బెల్లం ఊరు కాబట్టి మాకా లోటు పెద్దగా తెలియలేదు. హోటళ్ళలో బెల్లం కాఫీ పోసేవారు, మేం అది తాగుతూ లోకాన్ని బాగుచేసేవాళ్ళం. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మా మావయ్య బెల్లం దుకాణంలో దిమ్మలకి గుర్తులు వేసే ఉద్యోగం. (ఉద్యోగమని నేననేవాణ్ణి. "మా అక్క కొడుకు, ఊరికే తిరుగుతున్నాడని కూకోబెట్టేను" అని మావయ్య అనేవాడు.) సాయంత్రం కాగానే చేతులకి అంటిన బెల్లం కడుక్కుని, ఖద్దరు చొక్కా తొడుక్కుని, యువజన సంఘానికి పోయేవాణ్ణి. ఆ చొక్కాలో అద్దం ముందు నిలబడితే, తెల్లదొరలు ఇంకా ఓడ ఎందుకు ఎక్కలేదా అని నాకే ఆశ్చర్యంగా ఉండేది.

సంఘమంటే మేం ఆరుగురం, ప్లీడరుగారి మేడ మీద ఒక గది, ఒక చాప. ప్లీడరుగారి రెండో అబ్బాయి అధ్యక్షుడు. అతన్ని వెనకాల 'తీర్మానం' అని పిలుచుకునేవాళ్ళం. గదిలో ఎవరైనా తుమ్మితే దాన్ని ఖండిస్తూ ఒక తీర్మానం రాసి, ఒకడి చేత బలపరిపించి, ఏకగ్రీవంగా ఆమోదింపజేసేదాకా అతనికి నిద్రపట్టేది కాదు. ఆర్నెల్లలో మేం జమీందారీని, బాల్యవివాహాల్ని, కల్లు దుకాణాల్ని, వడ్డీ వ్యాపారాన్ని రద్దు చేసి పారేశాం. పాపం, మా తీర్మానాల సంగతి తెలియక అవన్నీ యథాప్రకారం నడుస్తూనే ఉన్నాయి. ఆ ఊపులోనే అంటరానితనం వంతు వచ్చింది.

బెల్లం బజారు మలుపులో ఒక కాఫీ హోటలు ఉండేది. యజమానిని అందరూ హోటలు పంతులు అనేవారు. లోపల బల్లలు, బల్లల మీద ఇత్తడి గ్లాసులు. బయట గోడకి ఒక మేకు, ఆ మేకుకి రెండు సత్తు గ్లాసులు. ఊరవతల హరిజన పేట జనం ఎవరైనా వస్తే ఆ గ్లాసు తీసి పట్టుకోవాలి, సర్వరు పైనుంచి పోస్తాడు, నిలబడి తాగి, తామే కడిగి, మళ్ళీ మేకుకి తగిలించి వెళ్ళాలి. చిన్నప్పటినుంచి నేనా గోడ పక్కనుంచే నడిచాను. అయినా తీర్మానం రాసుకునేదాకా ఆ మేకు నా కంటికి ఆనలేదు.

మా పథకం చాలా పకడ్బందీగా ఉండేది. పేట నుంచి ఒకరిని తీసుకుని అందరం లోపలికి వెళ్తాం. బల్ల దగ్గర కూర్చుని ఏడు కాఫీలు అడుగుతాం. పంతులు కుదరదంటాడు. మేం గుమ్మంలో బైఠాయిస్తాం. పోలీసులు వస్తారు. ఇక జైలే. దీనికి కావలసిన సరంజామా అంతా ముందే సిద్ధం చేశాం. పత్రికకి పంపవలసిన తంతి వార్త రాసి ఉంచాం. మూడు పేజీల ఉపన్యాసం తయారయింది. మలుపులో పువ్వులవాడికి ఆరు దండలు పురమాయించాం (ఆరే, ఏడు కాదు, ఆ లెక్క అప్పుడు ఎవరికీ తట్టలేదు). మాలో ఒకడైతే జైల్లో నేల చల్లగా ఉంటుందని వాళ్ళ నాన్నమ్మ చాప కూడా చుట్ట చుట్టి తెచ్చుకున్నాడు. ఆ ఏడో మనిషిని తీసుకొచ్చే పని నాకు అప్పగించారు.

నాకు తెలిసిన మనిషి ఒక్కడే, గానుగ తాత. కశింకోట వైపు పేటలో ఉండేవాడు. అక్కడ ఒక కామందు చెరకు గానుగ దగ్గర పని. చెరకు అందించడం, పొయ్యిలోకి పిప్పి ఎగదొయ్యడం, పాకం దించేటప్పుడు చెయ్యి వెయ్యడం, ఆపైన దిమ్మల్ని బండికెత్తి మా మావయ్య దుకాణానికి తోలుకు రావడం. ఆ బెల్లం హోటలు పంతులు కాఫీలోకీ వెళ్ళేది, కోవెల ప్రసాదంలోకీ వెళ్ళేది. దానికెవరూ అభ్యంతరం చెప్పగా నేను వినలేదు. తాత ఎద్దులకి నీళ్ళు పెడుతుంటే దగ్గరికెళ్ళి సంగతి చెప్పాను.

"నాకెందుకు బాబూ? బయటా కాపీ ఏడిగానే పోత్తన్నారు కదా" అన్నాడు.

"బయట కాదు తాతా. లోపల. బల్ల దగ్గర, మాతోపాటు."

తాత ఎద్దు మెడ నిమిరాడు. "గొడవైతేనో?" అన్నాడు.

"అయితే జైలుకి వెళ్తాం" అన్నాను, తిరనాళ్ళకి వెళ్తాం అన్నంత హుషారుగా.

"మీరెల్తే దండలేత్తారు బాబూ. నానెల్తే మా కామందు పని మానిపించేత్తాడు. ఈ ఏడు నా ఇంట్లో పొయ్యెలగదు."

దీనికి సమాధానం మా మూడు పేజీల్లో ఎక్కడా లేదు. నాకు సిగ్గేసింది, సిగ్గులోంచి పౌరుషం పుట్టుకొచ్చింది. "నీ పక్కన నేను కూర్చుంటాను తాతా. నువ్వెలా తాగితే నేనూ అలాగే తాగుతాను. ఎవడైనా ఏమైనా అంటే ముందు నన్ననాలి. ఇది నా మాట" అన్నాను.

తాత నా మొహంలోకి పరీక్షగా చూశాడు. "ముప్పయ్యేళ్ళనుంచి ఈ బజారుకి బెల్లం తోల్తన్నాను. ఆ బల్లకాడ కూకుంటే ఎలగుంటాదో ఒకపాలి సూడాలని నాకూ ఉంది. నీ మాట మీద వత్తాను బాబూ" అన్నాడు.

శనివారం పొద్దున్నే తాత బండి తోలుకుని వచ్చాడు. ఉతికిన పంచె, తెల్లటి తలపాగా, అల్లుడి దగ్గర అడిగి తెచ్చుకున్న చొక్కా. ఆ చొక్కా భుజాల దగ్గర బిగుతుగా ఉండి చేతులు సరిగా కిందకి దిగడం లేదు. మేం ఆరుగురం జేజేలు కొట్టుకుంటూ హోటలు గుమ్మం ఎక్కాం. ఎక్కగానే నేను తీర్మానం వెనక్కి నక్కాను. మూలబల్ల దగ్గర మా మావయ్య ఇద్దరు షావుకార్లతో కూర్చుని ఉప్మా తింటున్నాడు. ఆయన రోజూ ఆ వేళకి అక్కడే ఉప్మా తింటాడని నాకు తెలియకేం, తెలుసు. దేశం గురించి ఆలోచిస్తూ ఉప్మా సంగతి మర్చిపోయాను.

తీర్మానం గొంతు సవరించుకుని కాగితం విప్పాడు. "అయ్యా! యుగయుగాలుగా అణగదొక్కబడిన..."

పంతులు గల్లా మీంచి తల పైకెత్తి, "ఎన్ని?" అన్నాడు.

"ఏమిటి ఎన్ని?"

"కాఫీలు నాయనా, కాఫీలు."

"ఏడు" అన్నాడు తీర్మానం, వినబడీ వినబడకుండా.

"మూడో బల్ల ఖాళీగా ఉంది, కూర్చోండి. ఒరేయ్, ఏడు కాఫీ!"

తీర్మానం కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "మీరు అభ్యంతరం చెప్పరా?" అని అడిగాడు. ఆ అడగడంలో ఎంత వేడికోలు ఉందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"నువ్విలా గుమ్మానికడ్డం నిలబడి చదివితే వచ్చేవాళ్ళు ఎలా వస్తారయ్యా? రోజులు మారుతున్నాయి, నాకూ తెలుసు. ఆ చదివేదేదో కూర్చుని చదువుకో" అన్నాడు పంతులు.

మేం కాదనిపించుకోవడానికి సిద్ధమై వచ్చాం గానీ, సరేననిపించుకోవడానికి సిద్ధమై రాలేదు. "మరి చాప?" అని నా చెవిలో గొణిగాడు చాప తెచ్చినవాడు. బల్ల కింద పెట్టుకోమన్నాను.

కూర్చున్నాం. తాత నా పక్కన కూర్చుని, బల్ల మీద అరచెయ్యి ఆనించి ఒకసారి మెల్లిగా రాశాడు. ఒకేలాంటి ఏడు ఇత్తడి గ్లాసులు పొగలు కక్కుతూ వచ్చాయి. పక్క బల్లలవాళ్ళు మెడలు తిప్పి చూశారు. తాత తువ్వాలు కొంగుతో గ్లాసు పట్టుకుని, రెండుసార్లు ఊది, మూతి ఆనించి, కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు. అంత ఇష్టంగా కాఫీ తాగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

ఇక మా వంతు. ఇక్కడ పాఠకులకి ఒక సంగతి దాచకుండా చెప్పాలి. గ్లాసు మూతికి తగలకుండా పైకెత్తి పోసుకుని తాగడం మా ఇళ్ళల్లో పెద్దల పద్ధతి. ఇంట్లో మంచినీళ్ళు మేమూ అలాగే తాగేవాళ్ళం. కానీ ఆ హోటల్లో, ఆ బల్లల దగ్గరే, ఏడాదిగా మేం ఆరుగురం మూతి ఆనించి చప్పరిస్తూ గంటలకొద్దీ కాఫీ తాగాం. ఆ రోజు మాత్రం తీర్మానం తన గ్లాసు వైపు చూశాడు, తాత గ్లాసు వైపు చూశాడు, ఈ రెండూ ఇకమీదట ఒకే తొట్టెలో మునుగుతాయని లెక్క వేసుకున్నాడు కాబోలు, గ్లాసు జానెడు ఎత్తుకి లేపి నోట్లో పోసుకున్నాడు. అతన్ని చూసి రెండోవాడు. రెండోవాణ్ణి చూసి మూడోవాడు. నేను తాతకిచ్చిన మాట తలుచుకున్నాను. తలుచుకుంటూనే మావయ్య వైపు చూశాను. ఆయన ఉప్మా మానేసి నన్నే చూస్తున్నాడు. పైకెత్తి తాగితే సంఘంలో "తాగాను" అనవచ్చు, ఇంట్లో అమ్మతో "తగల్లేదు" అనవచ్చు. ఆ క్షణంలో నాకది మహా తెలివైన ఉపాయంగా తోచింది. నా చెయ్యి కూడా పైకి లేచింది.

మంచినీళ్ళు ఎత్తుకుని తాగడం వేరు, అప్పుడే పొయ్యి దిగిన బెల్లం కాఫీ వేరు. ఒకడికి ముక్కులోకి పోయింది. ఒకడికి గడ్డం కాలింది. నాకు అంగిట్లో నిప్పు పడ్డట్టయి ఉలిక్కిపడేసరికి, మిగిలిన కాఫీ అంతా మెడ మీంచి ఖద్దరు చొక్కా మీదకి దిగింది. చాపవాడు దగ్గుతూ బల్ల కిందకి పోయాడు. తీర్మానం కళ్ళవెంట బొటబొటా నీళ్ళు కారాయి. (సంఘం పుస్తకంలో మర్నాడు దీన్ని "అధ్యక్షులవారు భావోద్వేగానికి లోనైరి" అని రాసుకున్నాం.)

తాత గ్లాసు దించి మా ఆరుగురి వైపు చూశాడు. వెటకారం లేదు, కోపం లేదు, నిజంగా జాలిపడ్డాడు. "మూతెట్టుకుని మెల్లిగా తాగండి బాబూ. అయి నాను తాగిన గలాసులు కావు, మీ గలాసులే" అన్నాడు.

ఆ మాటకి నేను తలెత్తలేకపోయాను. అదీ చాలదన్నట్టు, గ్లాసులు తీయడానికి వచ్చిన సర్వరుతో పంతులు గల్లా దగ్గరనుంచి హోటలంతా వినేలా అన్నాడు, "ఒరే, ఆ పెద్దాయన గ్లాసొక్కటీ కడిగితే చాల్రా. మిగతా ఆరూ ఎంగిలి కాలేదు."

ఉప్మా తింటున్న షావుకార్లు పగలబడి నవ్వారు. తాత నవ్వలేదు. లేచి, తన గ్లాసు తనే తీసుకుని, బయటికెళ్ళి కడిగాడు. కడిగిన గ్లాసు పట్టుకుని మేకు వైపు ఒకసారి, లోపలికి ఒకసారి చూస్తూ నిలబడ్డాడు. దాని చోటెక్కడో ఆయనకి తేలలేదు. వెళ్ళి ఆ గ్లాసు అందుకోవలసింది నేను. నేను చొక్కా తుడుచుకుంటున్నాను. చివరికి తాత లోపలికొచ్చి గ్లాసు మా బల్ల మీదే పెట్టి, బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంతలో పువ్వులవాడు దండలు తెచ్చాడు. పాడైపోతాయని మేమే వేసుకున్నాం. ఆ సాయంత్రమే సత్యాగ్రహం దిగ్విజయంగా జరిగిందని తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. బలపరిచింది నేనే. మావయ్య ఉద్యోగంలోంచి తీసేస్తాడని భయపడుతూ దుకాణానికి వెళ్తే, ఆయన నా చొక్కా మీద మరక చూసి, "నిన్నేటని తిట్టనురా? సరిగ్గా ఎంగిలైనా సెయ్యలేదు" అన్నాడు. ఒక దెబ్బ వేసినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఆ తరవాత నెల తిరిగినా తాత బజారుకి రాలేదు. బెల్లం బండి వచ్చేది గానీ దాన్ని ఎవరో కుర్రవాడు తోలేవాడు. తాత ఇంట్లో పొయ్యి ఆరిపోయిందేమోనని నాకు అన్నం సయించేది కాదు. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక, ఎండలో నడుచుకుంటూ కశింకోట అవతల గానుగకి వెళ్ళాను. తాత పొయ్యి ముందే ఉన్నాడు, పిప్పి ఎగదోస్తున్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

"గానుగ మానిపించలేదు బాబూ. బండి మానిపించేడు. బజారుకెల్తే నీకు బల్లలు గురుతొత్తాయిలే అన్నాడు కామందు" అన్నాడు.

"తాతా, ఆ రోజు నేను మాట తప్పాను" అన్నాను.

"ఏటి తప్పేవు? పక్కన కూకున్నావు. కాపీ తాగేవు." కంటి కొస నుంచి ఓరగా చూశాడు. "కొంత నీ సొక్కా తాగింది."

అక్కడున్న కూలీలు నవ్వారు. నా నోరు ఎండిపోయి ఉండడం చూసి, తాత కుండలోంచి తన ముంతతో నీళ్ళు ముంచి ఇచ్చాడు. అందుకున్నాను. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"సల్లనీళ్ళే బాబూ" అన్నాడు తాత. "ఎత్తినా కాలవు."

చెయ్యి దించాను. మూతి ఆనించి సగం ముంత గటగటా తాగి తిరిగిచ్చాను. తాత ముంతలోకి చూశాడు, నా వైపు చూశాడు. తరవాత తల వెనక్కి వాల్చి, ముంత మూరెడు ఎత్తుకి లేపి, మిగిలిన నీళ్ళు ఒక్క చుక్క కూడా ఒంటి మీద పడకుండా సన్నటి ధారగా నోట్లో పోసుకున్నాడు. మూతి తుడుచుకుని, "నువ్వెంగిలి సేసేవు కదా బాబూ, మరేటి సేత్తాను" అన్నాడు. ఈసారి గానుగంతా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా.

తీర్మానం ఆ తరవాత చాలా పెద్దవాడై, చాలా సభల్లో ఆ కాఫీ గురించి మాట్లాడాడని విన్నాను. నా ఖద్దరు చొక్కా మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు. అమ్మ దాన్ని చింపి పొయ్యి మీది గిన్నెలు దించుకునే మసిగుడ్డ చేసింది, ఆ చొక్కా దేశానికి చేసిన అసలు సేవ అదే అనుకుంటాను. నాకిప్పుడు వయసు మళ్ళింది. ఎవరింట్లోనైనా మంచినీళ్ళిస్తే ఇప్పటికీ చెయ్యి ముందు పైకే లేస్తుంది. లేవగానే కాలిన అంగిలితో, తడిసిన చొక్కాతో, మెళ్ళో దండతో ఆ ఇరవయ్యేళ్ళ వీరుడు కళ్ళ ముందుకొచ్చి నిలబడతాడు. వాణ్ణి చూసి కాస్త నవ్వుకుని, గ్లాసు దించి, మూతి ఆనించుకుని తాగుతాను.