ముందు చక్రం తల ఊపిన చోటు

ఆసుపత్రుల నుంచి ల్యాబుకు రక్తం సీసాలు మోసే ఆవిడను అందరూ రక్తాలక్క అనేవారు. మొదట్లో ఆ పేరు విని నొచ్చుకున్నా, పోనుపోను ఫోనెత్తి "రక్తాలక్కని మాట్లాడుతున్నా" అని తానే చెప్పుకునేదాకా వచ్చింది. పదకొండేళ్లుగా అదే మోటార్‌సైకిలు, వెనక సీటుకు తాడుతో బిగించిన అదే ఐస్‌పెట్టె, రోజుకు నాలుగు ట్రిప్పులు.

ఆ ఏడు ల్యాబు నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఆమె తెచ్చిన సీసాల్లో రక్తకణాలు చితికిపోతున్నాయట. పైన లేత పసుపుగా తేలాల్సిన తేట కాస్తా ఎర్రగా వస్తోందట. బండి కుదుపుల వల్లే ఇదంతా, బాగుచేయించుకోకపోతే వేరే మనిషిని చూసుకుంటామని ల్యాబు పెద్దాయన మెత్తగానే చెప్పాడు.

కొత్త షాకబ్జర్లు కొనే తాహతు ఆమెకు లేదు. ఆమె అక్క మొగుడు లేతు మిషను మీద ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఓ ఆదివారం పొద్దున్నే బండిని తన వరండాలో ఇటుకల మీదికి ఎక్కించాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు విప్పి వంచితే నూనె నల్లటి బురదలా, చేపల కంపుతో కారింది.

"పదకొండేళ్లు రోట్లో కూర్చుని ఊరంతా తిరిగావు మరదలా," అన్నాడు బావ.

నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్లు మార్చి, కొత్త నూనె పోశాడు. కుంగిన స్ప్రింగులు బిగువుగా నిలవడానికి వాటి మీద నీళ్ల పైపు ముక్కలు కోసి పెట్టాడు. వెనక చక్రానికి పాత సామాన్ల కొట్లో ఏరుకొచ్చిన వేరే బండి షాకబ్జర్లను సరిపెట్టాడు. చివరగా ఫోర్కు గొట్టానికి సన్నటి ప్లాస్టిక్ టై ఒకటి చుట్టాడు. ముందు భాగం కుంగినప్పుడల్లా అది పైకి జరుగుతుంది. ఎంత జరిగిందో చూస్తే ఎంత కుంగిందో తెలిసిపోతుంది.

మర్నాటి నుంచి బండి పల్లకీలా నడిచింది. ఇన్నాళ్లూ నడుములో పోట్లుగా మాత్రమే తెలిసిన రోడ్డు ఇప్పుడు అరచేతులకు తెలుస్తోంది. మంగళవారం మధ్యాహ్నం, మూతబడ్డ లాండ్రీ గోడ పక్కన, గుంటా మిట్టా లేని నున్నటి తారు మీద ముందు చక్రం మెల్లగా దిగి మెల్లగా లేచింది. ఎవరో అడిగినదానికి తల ఊపినట్టు. ఆమె వెనక్కి తిప్పి మళ్లీ వెళ్లింది. మళ్లీ ఊపింది.

బావ తన పనిలోనే లోపముందనుకున్నాడు. గొట్టాలు మళ్లీ విప్పి నూనె కొలిచాడు. రెండింట్లోనూ సమానంగానే ఉంది. రోజూ ఆ చోటికి ముందు టైను కిందికి తోసి, ఒకే వేగంతో దాటి, ఆగి చూడమన్నాడు. మిగతా వీధుల్లో అది ఎప్పుడూ ఒకే ఎత్తు దగ్గర ఆగేది. ఇక్కడ మాత్రం మొదటి రోజు గోరంత, మూడో రోజు వేలి మందం, వారం తిరిగేసరికి రెండు వేళ్లు అదనంగా జరిగింది. అప్పుడు బావ స్వయంగా తోలి చూశాడు. దిగి, చేతులు తుడుచుకున్నాడు.

"బండిలో ఏ లోపమూ లేదు," అన్నాడు చివరికి. ఆమె రోడ్డు వంక చూసింది.

లాండ్రీకి ఎదురుగా ఒక ముసలి దర్జీ కొట్టుంది. ఆమె అడిగితే మొదట నవ్వేశాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి, దారపు రీలు ఒకటి తీసి నేల మీద పెట్టాడు. అది కాసేపు ఆలోచించినట్టు ఆగి, గడప వైపు దొర్లింది. పోయినేడు అటు గోడ వైపు దొర్లేదట. చెబితే మతి పోయిందంటారని కొడుకులకు కూడా చెప్పలేదట.

"నువ్వూ చూశావుగా అమ్మా," అని ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

ఇద్దరూ వెళ్లి వార్డు ఆఫీసులో చెప్పారు. ఇంజనీరు వచ్చి, బూటుతో తారును రెండుసార్లు తన్ని, టీ తాగి వెళ్లిపోయాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం టై గొట్టం చివరికంటా పోయి ఆగింది. ఆమె ల్యాబుకు వెళ్లలేదు. బండిని రోడ్డుకు అడ్డంగా నిలబెట్టి, పక్కనే నిలుచుంది. కాసేపటికి నీళ్ల ట్యాంకరొకటి వచ్చి హారన్ మోగించింది.

"అక్కా, బండి తియ్యి," అన్నాడు డ్రైవరు.

"ఈ పూటకి ఇటు వద్దు తమ్ముడూ. చుట్టూ తిరిగి పో."

"ఏం, రోడ్డు నీదా?"

దర్జీ కొట్లోంచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. డ్రైవరు గొణుక్కుంటూ ట్యాంకరును వెనక్కి తీశాడు. ఇరవై అడుగులు పోయాడో లేదో, వాళ్ల వెనక తారు తడిబట్టలా సాగి, చప్పుడు లేకుండా లోపలికి జారిపోయింది. ఆ మండే ఎండలో కింద నుంచి చల్లటి గాలి, తడి రాయి వాసన లేచి వచ్చాయి. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

లోపల రాతి మెట్లు ఉన్నాయి. గుండ్రంగా తిరుగుతూ నల్లటి నీళ్లలోకి దిగుతున్నాయి. వార్డు ఆఫీసు పటాల్లో వాటి ఊసే లేదు. కొలవడానికి రాయి కట్టి వదిలితే తాడు చుట్ట మొత్తం అయిపోయింది గాని అడుగు అందలేదు.

పూడ్చడానికి లారీలు రాకముందే బావ వచ్చి అంచున కూర్చున్నాడు. అరిగిన ఇనుమును చూసి అదెలా తిరిగిందో చెప్పగల మనిషి, ఆ మెట్ల వంక తదేకంగా చూశాడు.

"ప్రతి మెట్టూ అంచు దగ్గరే అరిగింది," అన్నాడు నెమ్మదిగా. "లోపలి వైపు ఉలి గాట్లు అలాగే ఉన్నాయి. కిందికి మాత్రమే నడిచిన అరుగుదల ఇది. దిగినవాళ్లు దిగారు మరదలా. ఎక్కి వచ్చిన జాడ లేదు."

ఆమె అంచు నుంచి వెనక్కి జరిగింది. రోజుకు నాలుగుసార్ల చొప్పున పదకొండేళ్లు ఆ కప్పు మీదుగా, వెనక సీటు మీద ఊరివాళ్ల రక్తం పెట్టుకుని తిరిగింది తానే.

నాలుగు రోజులు రాళ్లూ మట్టీ పోసి, పైన తారు వేశారు. దర్జీ తన మిషను కూతురి ఇంటికి మార్చుకున్నాడు. ల్యాబులో ఇప్పుడు సీసాలన్నీ తేటగానే వస్తున్నాయి. రక్తాలక్క మాత్రం రైలుకట్ట చుట్టూ తిరిగి వెళుతోంది. ఎందుకంత దూరమని అడిగినవాళ్లకు, అటు ఎండ తక్కువని చెబుతుంది.