మానేశాను మాస్టారు

మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క వ్యసనం: మానెయ్యడం. వేప్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్టు పీల్చడం కాదు, దాన్ని మానెయ్యడం. ఏడాదికోసారైనా మానకపోతే ఆయనకు తోచేది కాదు. ఉదయం ప్రెస్సులోకి అడుగుపెట్టి, గొడుగు మూలకు ఆనించి, గొంతు సవరించుకుని "మానేశాను" అని ప్రకటించేవాడు. ఎవరూ తలెత్తేవారు కారు. గోడగడియారం గంట కొడితే ఎవరైనా తలెత్తుతారా?

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. పుస్తకాలు అచ్చువేసే ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. తప్పులు పట్టేవాళ్లను మాస్టారూ అనడం లోకంలో ఉన్నదే గనక మాస్టారయ్యాడు. దానికి ముందున్న 'మానేశాను' మాత్రం అచ్చంగా స్వార్జితం.

అది ఎలా సంపాదించాడో ప్రెస్సులో అందరికీ కంఠతా వచ్చు. మొట్టమొదటిసారి మానేసిన రోజున, నోటికి పనిలేక చేతికి పని పెట్టి, ప్రూఫు అంచున పెద్ద అక్షరాలతో 'మానేశాను' అని రాసుకున్నాడు. అంచున రాసింది లోపలికి ఎక్కించడం కంపోజింగు వాళ్ల పని. ఎక్కించారు. తేనెటీగల పెంపకం మీద పుస్తకం అది. "సాయంత్రానికి ఈగలన్నీ తిరిగి గూటికి చేరుకుంటాయి. మానేశాను." వెయ్యి ప్రతులు అచ్చయ్యాయి. 'రచయిత ఈగలను ఎందుకు మానేశారో తెలుపగలరు' అని ఓ పాఠకుడు ఉత్తరం రాశాడు. మేనేజరు ఆ ఉత్తరానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు.

ప్రూఫులు దిద్దేవాళ్లకు ఒక గుర్తుంది. అక్కర్లేని మాటను కొట్టేస్తారు. కొట్టేశాక మనసు మారితే దాని కింద వరసగా చుక్కలు పెడతారు. 'ఉండనీ' అని అర్థం. మాస్టారు ఈ విద్యను కేలెండరు మీద ప్రయోగించాడు. పీల్చని రోజు మీద ఎర్రగా కొట్టివేత. కట్టు తప్పిన రోజు కింద చుక్కలు. దూరం నుంచి చూస్తే గోడకు తట్టు పోసినట్టుండేది.

కట్టు తప్పినప్పుడు మెట్ల మలుపులో నిలబడి పీల్చేవాడు. ఆ మలుపంతా మామిడిపండు వాసన. పొగ మాత్రం ఏనాడూ ఎవరికీ కనపడలేదు.

"పొగేదీ మాస్టారూ?" అని బైండరు ఒకసారి నిలదీశాడు.

"మింగేస్తాను."

"మింగితే ప్రమాదం కాదూ?"

"ప్రమాదం నాకు, క్షేమం నీకు. ఇంతకన్నా పెద్దమనిషి ఎక్కడ దొరుకుతాడయ్యా నీకు?"

ఇక లేఅవుట్ అమ్మాయి సంగతి. పుస్తకాలకు అట్టలు వేసేదీ పేజీలు పేర్చేదీ ఆమే. ఆమెదీ అదే అలవాటు, కాకపోతే పుదీనా వాసన. స్నానాలగదిలో, బస్‌స్టాపు వెనక, ప్రింటయ్యే కాగితాల చప్పుడు చాటున పీల్చేది. ఇంట్లో ఎవరికీ తెలియదనుకునేది. నాలుగేళ్ల కూతురిని 'ఎవరూ' కింద జమకట్టలేదు.

ఒక ఆదివారం ఆడపడుచు ఇంటికొచ్చింది. అందరూ మాటల్లో ఉండగా పిల్ల నీలం క్రేయాను తీసి నోట్లో పెట్టుకుంది. బుగ్గలు లోపలికి పోయేలా గట్టిగా పీల్చింది. కళ్లు మూసుకుని, తీరిగ్గా గాలి వదిలి, "హమ్మయ్య, ఇప్పుడు చెప్పు" అంది.

ఆడపడుచు కాఫీకప్పు కింద పెట్టేసింది.

"ఎవర్ని చూసి నేర్చిందే ఇది?" అంది ఆడపడుచు.

"బళ్లో," అంది లేఅవుట్ అమ్మాయి. అంతలో పిల్ల క్రేయాను తల్లికి అందించి, "నీ వంతు," అంది.

మర్నాడు ఉదయం ఆమె తన వేప్‌ను తీసుకెళ్లి ప్రెస్సు వెనక ఉన్న పాడైన సిరా డబ్బాలో పడేసింది. ఇదివరకు రెండుసార్లు మానేసిన అనుభవం ఉంది. మొదటిసారి నాలుగు రోజులు నిలిచింది. రెండోసారి భోజనాల వేళ దాకా. ఈసారి కూడా అంతే అయితే పిల్ల మళ్లీ క్రేయాను తీస్తుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కానీ డబ్బాలో ఏదో మునగడం బైండరు చూశాడు. బైండరు చూస్తే ప్రెస్సంతా చూసినట్టే.

పది నిమిషాల్లో మాస్టారు ఆమె బల్ల దగ్గర ప్రత్యక్షం.

"పొద్దున్నే కట్టు తప్పానమ్మాయ్. చుక్కలు కూడా పెట్టేశాను. ఈ క్షణం నుంచి మళ్లీ మానేశాను. నువ్వూ ఇవాళేనటగా? బావుంది, జోడీ కుదిరింది."

"మీతో జోడీనా? ఇంకేం, నేను మానినట్టే!"

మానెయ్యడం గురించి లోకంలో ఉపదేశాలకు కొదవలేదు. నీళ్లు తాగు, లోపలికి గాలి పీల్చు, పచ్చటి చెట్ల వంక చూడు. చెప్పేవాళ్లలో ఒక్కడికైనా మధ్యాహ్నం మూడింటికి రెండువందల పేజీల ఫైలు ఎగిరిపోయిన అనుభవం ఉన్నట్టు లేదు. లేఅవుట్ అమ్మాయికి మూడోరోజున ఆ అనుభవం కలిగింది. ప్రెస్సు కిటికీలోంచి చూస్తే చెట్టు కూడా లేదు, ఎదురింటి నీళ్లట్యాంకు ఉంది. ఆమె లేచి నిలబడింది. వీధి చివర దుకాణం ఆమె కళ్లముందు మెదిలింది.

అప్పుడే మాస్టారు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "నావల్ల కాదు తల్లీ. ఒక్కసారి మెట్ల దాకా వెళ్లొస్తాను."

"కూచోండి! సిగ్గులేదూ? మూడు రోజులు ఆగలేరా? ఇంత వయసొచ్చింది, ప్లాస్టిక్ పుల్లకు లొంగిపోతారా?"

"ఒక్క దమ్ము..."

"దమ్ము లేదు, దుమ్ము లేదు. నా టిఫిన్ డబ్బాలో కేరట్ ఉంది, అది నమలండి!"

మాస్టారు బుద్ధిగా నమిలాడు. ఆమె పది నిమిషాలు ఏకధాటిగా తిట్టింది. ఆయాసం తీర్చుకుంటూ కూర్చున్నాక చూసుకుంటే, వీధి చివరి దుకాణం గుర్తే లేదు.

ఆ తర్వాత రోజూ అదే తంతు. ఆమె కుర్చీలోంచి లేవడం, ఆయన మెట్లకేసి నడవడం, "కూచోండి" అన్న కేక. ఆమెకు కోరిక పుట్టే వేళకే సరిగ్గా ఆయనకూ పుట్టేది. ఇందులో వింతేమిటో ఆమెకు తట్టలేదు. తిట్టే పనిలో ఉన్నవాళ్లకు వింతలు కనపడవు.

తొమ్మిదోరోజున ఒక రచయిత తన పుస్తకం అట్టను ఏడోసారి తిప్పి పంపాడు. "బాగానే ఉంది, కానీ ఇందులో నేను లేను" అన్నాడట. ఆమె మాస్టారి కోసం చూసింది. ఆయన బల్ల ఖాళీ.

"పళ్ల డాక్టరు దగ్గరికెళ్లాడు," అన్నాడు బైండరు. "ఉన్న నాలుగు పళ్లూ పుచ్చిపోయాయట. ఏం తింటాడో ఏమో!"

తిట్టడానికి మనిషి లేడు. కాళ్లు ఆమెను ఆయన బల్ల దగ్గరికి తీసుకెళ్లాయి, చేయి సొరుగు లాగింది. వేప్ అక్కడే ఉంది. కళ్లు మూసుకుని పీల్చింది.

ఏమీ రాలేదు. మళ్లీ పీల్చింది. దీపం వెలగలేదు. తిప్పి చూస్తే, ఛార్జింగ్ పెట్టే రంధ్రం నిండా పెన్సిలు రబ్బరు తుక్కు కూరుకుపోయి రాయిలా గట్టిపడి ఉంది. అది ఒక్క ఏడాదిలో చేరే తుక్కు కాదు. సొరుగు అడుగున మామిడిపండు చాక్లెట్ల కాగితాలు, వందలు, ఇస్త్రీ చేసినట్టు పేర్చి ఉన్నాయి. వాటి వెనక చుట్టి పెట్టిన పాత కేలెండర్లు.

పేజీలు పేర్చే మనిషికి చుట్టలో ఉన్న కాగితం విప్పకుండా ఉండటం చేతకాదు. విప్పింది. అన్నిటికన్నా పాతది, తేనెటీగల పుస్తకం నాటిది. పదకొండు నెలలు వరసగా కొట్టివేతలు, ఒక్క చుక్క లేదు. తర్వాత ఒకచోట చుక్కలు, పక్కన అంచున చిన్నగా 'బై'. ఆ పై ఏడాది చుక్కల పక్కన 'మే'. బైండరు మానేసిన రోజు, మేనేజరు మానేసిన రోజు. 'డ్రై' మూడుచోట్ల ఉంది. డ్రైవరు మొండివాడు. గోడ మీది కేలెండరు వంక చూసింది. తను మానేసిన రోజు చుక్కల పక్కన 'లే'.

మాస్టారు వాచిన బుగ్గతో తిరిగొచ్చాడు. ఆమె వేప్ చేతికిచ్చింది.

"ఇందులో ఏమీ లేదు మాస్టారూ."

"ఆరేళ్లుగా లేదు," అన్నాడు. మొద్దుబారిన నోట్లోంచి ఆ మాట సగమే బయటికొచ్చింది.

"మరెందుకీ నాటకం?"

"మొదటిసారి ఒక్కణ్ణే మానాను తల్లీ. అంత విసుగుపని ఇంకోటి లేదు. తర్వాత బైండరు మానతానన్నాడు. కానీ నన్ను చూస్తే పక్కకి తప్పుకునేవాడు. మానేసినవాణ్ణి చూస్తే మానలేనివాడికి ఒళ్లు మంట. అదే పక్కన తనకన్నా చేతకానివాడొకడు ఉన్నాడనుకో, వాడికి బుద్ధి చెప్పడంలో రోజు గడిచిపోతుంది."

"మిమ్మల్ని ఎన్ని మాటలన్నాను!"

"పర్లేదు, బైండరంత కాదు. వాడు మా తాత దాకా వెళ్లాడు."

ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తిట్టడం కూడా ఆపలేదు. నాటకమని తెలిశాక తిట్లకు ఇంకాస్త పదును వచ్చిందని మాస్టారే మెచ్చుకున్నాడు. మూడు నెలలు గడిచాయి. ఇంట్లో పిల్ల నీలం క్రేయానుతో బొమ్మలే గీస్తోంది. కాకపోతే ఈమధ్య, ఓ సెలవురోజు తల్లి వెంట ప్రెస్సుకొచ్చి వెళ్లినప్పట్నుంచి, తన బొమ్మకుక్కను గోడకు ఆనించి, వేలు చూపించి, "కూచో! సిగ్గులేదూ?" అంటోంది. ఎవర్ని చూసి నేర్చిందని ఆడపడుచు అడిగితే ఈసారి లేఅవుట్ అమ్మాయి నిజమే చెప్పింది.

ఒకరోజు ప్రెస్సు గేటు దగ్గర వాచ్‌మన్ గొణిగాడు, రేపట్నుంచి మానేద్దామనుకుంటున్నానని. మాస్టారికి కొత్త పళ్లు కట్టారు. చాక్లెట్లు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయన సొరుగు దగ్గర కూర్చుని ఆలోచనలో పడ్డాడు.

మర్నాడు ఉదయం లేఅవుట్ అమ్మాయి లోపలికొచ్చింది. బ్యాగు మూలన పెట్టి, గొంతు సవరించుకుంది. ఒంటి నిండా పుదీనా చాక్లెట్ వాసన.

"నిన్న కట్టు తప్పాను," అని వాచ్‌మన్‌కు వినపడేలా అంది. "ఇవాళ్టి నుంచి మానేశాను."

"ఈమె కూడానా!" అని మేనేజరు నుదురు కొట్టుకున్నాడు.

ఆమె నేరుగా కేలెండరు దగ్గరికెళ్లి, నిన్నటి కొట్టివేత కింద చుక్కలు పెట్టి, అంచున 'వా' అని రాసింది. మాస్టారు కళ్లజోడు పైనుంచి చూశాడు. లేచి వచ్చి ఎర్రపెన్ను అందుకున్నాడు.

"చుక్కలు వరసలో లేవమ్మాయ్," అని చివర్న ఇంకొకటి పెట్టాడు.