పురిటికి వెళ్ళావా, ఉండిపోవడానికా?

1984లో చికాగోలోని బ్రిటిష్ కాన్సులేట్‌లో, పాస్‌పోర్ట్ విభాగంలో గుమాస్తాగా చేరాను. లండన్ నుంచి బదిలీ మీద వచ్చేవాళ్ళు అధికారులు. మాబోటివాళ్ళం స్థానిక సిబ్బంది. కిటికీ దగ్గర దరఖాస్తు తీసుకోవడం, కాగితాలు సరిచూడడం, అనుమానం ఉన్నచోట నోట్ రాసి వైస్ కాన్సల్ బల్ల మీద పెట్టడం మా పని. ఇస్తాం, ఇవ్వం అనే మాట మాత్రం ఆయనదే. పెళ్ళికి ముందు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పెరిగాను కాబట్టి నా ఇంగ్లిష్ వాళ్ళకి నచ్చింది. రోజూ నేపర్‌విల్ నుంచి ట్రెయిన్‌లో వెళ్ళేదాన్ని.

నేను చేరడానికి ఏడాది ముందే చట్టం మారింది. అంతకుముందు బ్రిటన్‌లో పుడితే, ఏ కొద్దిమందో తప్ప, అందరూ అక్కడి పౌరులే. 1983 జనవరి నుంచి పుట్టుక ఒక్కటే చాలదన్నారు. బిడ్డ పుట్టేనాటికి తల్లో తండ్రో బ్రిటిష్ పౌరులై ఉండాలి, లేదా అక్కడ స్థిరపడి ఉండాలి. స్థిరపడడం అంటే గడువు లేని అనుమతి ఉండాలి, నిజంగా అక్కడే నివాసమూ ఉండాలి. చుట్టపుచూపు లెక్కలోకి రాదు.

మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలీదు. అమ్మాయి పుట్టిల్లు ఇంగ్లండ్‌లో ఉంటే పురిటికి అక్కడికే పంపేవాళ్ళు. ఆచారమూ దక్కుతుంది, బిడ్డకి పాస్‌పోర్టూ వస్తుందని సంబరపడేవాళ్ళు. ఆ సంబరం మీద నీళ్ళు చల్లడం నా ఉద్యోగంలో భాగమైపోయింది.

1986 అక్టోబరులో వసుంధర వచ్చింది. మా పక్క ఊరు అరోరాలో ఉండేది. భర్త ఇంజనీరు, మా తెలుగువాళ్ళ కూడికల్లో అందరికంటే ముందుండే మనిషి. ఆమె పెరిగింది బర్మింగ్‌హామ్‌లో, తల్లిదండ్రులు అక్కడే ఉన్నారు. భార్యాభర్తలిద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. ఏడేళ్ళ పాప, రెండేళ్ళ బాబు, ఇద్దరూ బర్మింగ్‌హామ్‌లోనే పుట్టారు. ఆ రోజు పిల్లలిద్దరికీ బ్రిటిష్ పాస్‌పోర్టులు కావాలని వచ్చింది.

తన వంతు వచ్చేసరికి అద్దం వెనక నన్ను చూసి ఆగిపోయింది. నేనక్కడ పని చేస్తున్నట్టు ఆమెకి తెలీదు. వెనక్కి తిరగబోయింది కూడా. మొహమాటం అనుకుని నేనే నవ్వుతూ పిలిచాను.

పాప పాత చట్టం నాటిది, పేచీ లేదు. బాబు కాగితాలు తీసుకుని, "వీడి పురిటికేగా వెళ్ళావు?" అని అడిగాను. ఆ జవాబు నేనే ఆమె నోటికి అందించాను.

"అవునక్కా, పురిటికే."

అలాగైతే వాడికి రాదని చెప్పాను. చట్టం మారిన సంగతి వివరించాను. ఆమె మొహం పాలిపోయింది. "ఇద్దరూ ఒకే హాస్పిటల్‌లో పుట్టారక్కా," అంది. "టికెట్స్ బుక్ చేశాను. వాణ్ణి వదిలేసి ఎలా వెళ్తాను?" అని కూడా అంది.

చుట్టపుచూపుకి వెళ్ళేవాళ్ళ మాటలా లేదు అది. ఆమె పాస్‌పోర్ట్ తెరిచి చూశాను. 1984లో లండన్ హీత్రో విమానాశ్రయంలో వేసిన ముద్రకి గడువు లేదు. పురిటికని చెప్పి దిగినవాళ్ళకి ఆ ముద్ర వెయ్యరు, ఆరు నెలలు రాసి పంపిస్తారు. అప్పుడు గొంతు తగ్గించి అడగవలసింది అడిగాను. "పురిటికి వెళ్ళావా, ఉండిపోవడానికి వెళ్ళావా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వరసలో ఉన్నవాళ్ళెవరికీ తెలుగు రాదు. ఆ గది మొత్తంలో ఆమె ఈ సంగతి ఎవరి దగ్గర దాచాలో ఆ మనిషిని నేనొక్కదాన్నే. నాకు తల తీసేసినట్టయింది.

"ఉండిపోదామనే వెళ్ళానక్కా. ఐదో నెలలో పాపని తీసుకుని వెళ్ళిపోయాను. అక్కడే స్కూల్‌లో వేశాను. ఆయన ఇక్కడందరికీ పురిటికి వెళ్ళిందని చెప్పుకున్నారు. మా అమ్మావాళ్ళూ అదే చెప్పారు. ఏడాది తర్వాత పెద్దవాళ్ళు కూర్చుని, సర్దిచెప్పి పంపించారు."

ఎందుకు వెళ్ళిందో చెప్పలేదు. నేను అడగలేదు, చట్టానికీ అది అక్కర్లేదు. కానీ ఆ రోజుల్లో అరోరాలో ఒకరింట్లో భోజనాలప్పుడు ఆమె భర్తని మేమంతా మెచ్చుకోవడం గుర్తొచ్చింది. రెండో కాన్పుకి కూడా పుట్టింటికి పంపాడు, ఎంత పద్ధతైన మనిషి అనుకున్నాం. పరువు కోసం అల్లిన ఆ మాటే ఇప్పుడు పిల్లవాడికి అడ్డం పడింది.

ఏ రుజువులు కావాలో చెప్పాను. పాపని బడిలో చేర్చిన కాగితం, అక్కడి డాక్టర్ దగ్గర ముగ్గురి పేర్లూ నమోదైనట్టు చీటీ, ఆమె స్వయంగా సంతకం చేసిన వాంగ్మూలం. భర్తతో విడిపోయి, తిరిగి రాకూడదనే ఉద్దేశంతో వెళ్ళినట్టు ఆ వాంగ్మూలంలో ఉండాలి.

"ఆ విడిపోయిన మాట రాయకుండా కుదరదా అక్కా?"

కుదరదన్నాను. పిల్లవాడి హక్కంతా ఆ మాట మీదే నిలబడింది మరి. ఆమె తల వంచుకుని రాసింది. అద్దానికి ఇవతల నేనూ తల ఎత్తలేకపోయాను. నేను చేసింది న్యాయమైన పనే, అడిగింది అవసరమైన ప్రశ్నే. అయినా సిగ్గుతో చచ్చిపోయాను. ఇక్కడి విషయం గడప దాటదని చెప్పాను. తల ఊపింది గాని, నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

బర్మింగ్‌హామ్ నుంచి కాగితాలు వచ్చాయి. వైస్ కాన్సల్ రెండు ప్రశ్నలడిగి సంతకం పెట్టారు. పాస్‌పోర్టులు తీసుకోవడానికి ఆమె నేను భోజనానికి వెళ్ళిన వేళ చూసుకుని వచ్చిందట. పక్క కిటికీలో పనిచేసే ఐరిష్ ఆవిడ చెప్పింది. లంచ్‌కి నేనెప్పుడు వెళ్తానో ముందుగా ఫోన్ చేసి కనుక్కుందట కూడా.

ఆ శీతాకాలం అరోరాలో అందరూ వసుంధర మళ్ళీ పుట్టింటికి వెళ్ళిందన్నారు. నేనూ అవునన్నాను.

సొంత భాష మాట్లాడే మనిషి కిటికీలో ఉంటే మనవాళ్ళకి ధైర్యంగా ఉంటుందనుకుని ఆ ఉద్యోగంలో చేరాను. ఈ వ్యవహారం తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. తెలుగు పేరు కనిపిస్తే కాగితం ముట్టుకోకముందే, "మీకు ఇక్కడైనా సరే, పక్క కిటికీ అయినా సరే," అని చెప్పేదాన్ని. నేను రిటైరయ్యేదాకా, సగానికి పైగా పక్క కిటికీకే వెళ్ళారు.