ముగ్గురు దిగని ఫొటో

మా వరస క్వార్టర్లలో ఉండే నీలకంఠం కొత్త ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు. కొలిమి పని నేర్చుకు రమ్మని 1984లో ఏడాది పాటు రష్యా పంపారు. ఆ చదువు ఎంత వంటబట్టిందో నాకు తెలీదుగానీ ఫొటోల పిచ్చి మాత్రం గట్టిగానే పట్టింది. స్టైపెండులో మిగిల్చి కెమెరా కొన్నాడు. సెలవు దొరికితే చాలు, రైలెక్కి ఏదో ఊరు వెళ్లడం, గడ్డకట్టిన నదుల ముందూ బంగారు గుమ్మటాల ముందూ తను నిలబడి తీయించుకోవడం. మనిషి మంచివాడే, కాస్త సోకు ఎక్కువ.

అదే శిక్షణకి వెళ్లినవాళ్లలో వాడితో పాటు తిరిగింది ఇద్దరే. ఒకడు కన్నబాబు, సీనియరు. రెండోవాడు గురువులు, భీమిలి చేపలవాళ్ల కుర్రాడు, అందరికన్నా చిన్నవాడు, ఎప్పుడూ ఏదో ఒక వెటకారం ఆడుతూ ఉండేవాడు.

మనవైపు ముగ్గురు కలిసి ఫొటో దిగరు. దిగితే మధ్యలో నిలబడ్డవాడికి కీడంటారు. ఇంజనీరింగు చదివి, విమానమెక్కి, అంత దూరం పోయినా నీలకంఠం ఈ భయాన్ని పెట్టెలో సర్దుకునే వెళ్లాడు. దారినపోయే రష్యావాళ్లు తాము తీసిపెడతామని చెయ్యి చాపినా కెమెరా ఇచ్చేవాడు కాదు.

"ముగ్గురం ఒద్దురా. నువ్వు తియ్యి, నీది తర్వాత నాను తీత్తాను," అనేవాడు గురువులుతో.

"సరే బావా, నవ్వండి మరి," అని గురువులు ఏదో ఒకటి అని, వాళ్లిద్దరూ పగలబడి నవ్వాకే మీట నొక్కేవాడు. వాడి వంతు వచ్చేసరికి రీలు అయిపోయేది, లేకపోతే రైలు టైమయ్యేది. వాడు నోరు తెరిచి అడగలేదు. అడగనివాడిది ఎవరికి గుర్తుంటుంది?

తిరిగొచ్చిన రెండో నెలలో, తగరపువలస దగ్గర లారీ గుద్ది గురువులు పోయాడు.

వారం తిరక్కుండా వాళ్లమ్మ కాసులమ్మ బస్సెక్కి నీలకంఠం ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"సదువుకున్నప్పటి ఫొటోలు తుపానుకి తడిసి పోనాయి బాబూ. పాసుపోర్టు ఫొటోని పూర్ణా మార్కెట్టు కాడ స్టూడియోలో పెద్దది సేయించితే మొకం అలికీసినట్టుంది. అది నా గుంటడు కాదు. మంచులో నవ్వుతన్నది ఒకటియ్యి. బావ కాడ బోలెడు ఫొటోలున్నాయని సెప్పీవోడు."

నీలకంఠం ఆల్బములన్నీ తెచ్చి చాప మీద పరిచాడు. లేదని తెలిసీ వెతికాడు. నాకు ఒళ్లు మండింది. తల్లి ఎదురుగా కూర్చుని ఒక్కో ఫొటో ఆశగా అందుకుంటుంటే, చెప్పేస్తే పోదా? రెండో ఆల్బము సగంలో మూసేశాడు.

"ఇయన్నీ తీసింది గురువులేనమ్మా. ముగ్గురం దిగకూడదని ఆడిని పక్కకి పంపీవోణ్ని. నీది తర్వాత తీత్తానన్నాను. తియ్యలేదు. తప్పు నాదే," అన్నాడు, తల దించుకుని.

తిడితే బాగుండునని వాడు ఎదురుచూశాడని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఆవిడ తిట్టలేదు. ఫొటోలు మళ్లీ ఒక్కొక్కటే తిరగేసింది. ఒకదాంట్లో నీలకంఠం ఒక్కడే మంచులో పొట్ట పట్టుకుని, కళ్లు మూసుకుపోయేలా నవ్వుతున్నాడు.

"ఇంతలాగ నవ్వుతన్నావేటి బాబూ?"

"ఆడే నవ్వించాడమ్మా."

"అయితే ఇదియ్యి," అని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత నీలకంఠం సరిగా అన్నం తినలేదు. కన్నబాబు దగ్గరున్న ఫొటోలు కూడా తెప్పించి చూశాడు. వాటిలోనూ వాళ్లిద్దరే.

పెద్దకార్యానికి నేనూ నీలకంఠమూ భీమిలి వెళ్లాం. లోపల దీపం పక్కన, ఫ్రేము కట్టించిన నీలకంఠం ఫొటో ఉంది. మా వాడు గుమ్మం దాటలేదు. ఇంతలో కాసులమ్మ ఆడపడుచు చామంతి దండ తెచ్చి, ఎవరిదో చూడకుండానే ఆ ఫొటోకి వేయబోయింది.

"బతికున్నోడికి దండేటే!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

అందరూ గుమ్మం వైపు చూశారు. కాసులమ్మ గబుక్కున లేచి ఆడపడుచు చేతిలోంచి దండ లాక్కుంది. లాక్కుని, ఎక్కడ వేయాలో తెలీక నిలబడిపోయింది.

నీలకంఠం గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. వాడి భయం ఎక్కడికీ పోలేదు, భయపడుతూనే అన్నాడు.

"ఏసెయ్యమ్మా. నాకు పరవానేదు."

"ఒద్దు నాయినా. నీకూ అమ్ముంది," అంది కాసులమ్మ.

గోడ మేకుకి గురువులు చొక్కా వేలాడుతోంది. దండ దానికి వేసింది.